బండి మాట: 70 వేలకు టర్బో కిట్ వస్తోంది, కొనమంటారా అన్నా?

ప్రశ్న: నమస్తే అన్నా. మాది చిత్తూరు దగ్గర పల్లె, ఉద్యోగం బెంగళూరులో, ఉండేది మారతహళ్లి. నా దగ్గర 2012 హోండా సిటీ ఉంది, 1.5 పెట్రోల్, మాన్యువల్ గేరు, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ వైట్‌ఫీల్డ్ ఆఫీసుకు ఇదే బండి, నెలకు రెండుసార్లు అమ్మానాన్నల దగ్గరికి కూడా ఇదే. ఇక్కడ ఒకాయన తన సిటీకి పెట్టి తీసేసిన టర్బో కిట్ 70 వేలకు ఇస్తానంటున్నాడు. టర్బో, మ్యానిఫోల్డ్, ఇంటర్‌కూలర్, పైపులు, వేస్ట్‌గేట్ అన్నీ అందులోనే ఉన్నాయట. "6 పీఎస్ఐ మీద నడుపుకుంటే ఇంజన్ విప్పనక్కర్లేదు, శని, ఆదివారాల్లో బిగించేయొచ్చు" అంటున్నాడు. ఊరి నుంచి వచ్చేటప్పుడు మొగిలి ఘాట్‌లో లారీని దాటాలంటే బండి అస్సలు లాగడం లేదు. అడ్వాన్సు పదివేలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: వద్దు తమ్ముడూ. ఈ బండికి, ఈ వాడకానికి, ఈ కిట్ వద్దు. నీ ఉత్తరం చూసిన రోజే అడ్వాన్సు ఇవ్వొద్దని కబురు పంపాను కానీ, ఇలాంటి ప్రశ్న ఈ ఏడాదిలో నాకు చాలామంది రాశారు కాబట్టి కారణాలన్నీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. బండి లాగడం లేదని నువ్వు అంటున్నది నిజమే, అది నీ భ్రమ కాదు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడి గాలి పీడనం చెన్నైతో పోలిస్తే దాదాపు పదో వంతు తక్కువ. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో ఊదే పరికరం. అది లేని ఇంజన్ తన చుట్టూ ఉన్న గాలినే పీల్చుకోవాలి, గాలి పలచబడితే బలమూ ఆ మేరకు తగ్గుతుంది. కాగితం మీద 118 హార్స్‌పవర్ ఉన్న నీ సిటీ ఇక్కడ 105, 107 దగ్గర ఉంటుందనుకో. టర్బో బళ్లకు ఈ ఇబ్బంది చాలా వరకు ఉండదు, అందుకే ఈ ఊళ్లో టర్బో మీద ఇంత మోజు. దాన్ని నేను తప్పుపట్టను, నాకూ ఆ మోజు ఉంది.

ఇప్పుడు ఆయన చెప్పిన 6 పీఎస్ఐ సంగతి. వినడానికి చిన్న అంకె, కానీ 6 పీఎస్ఐ అంటే 0.4 బార్. బెంగళూరు గాలి పీడనం 0.91 బార్ దగ్గర ఉంటుంది కాబట్టి, నీ ఇంజన్ లోపలికి వెళ్లే గాలి ఒత్తిడి ఒక్కసారిగా నలభై శాతానికి పైగా పెరుగుతుందన్నమాట. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు కొడితే దాని అడుగు కాలడం చిన్నప్పుడు చూసే ఉంటావు. బయట 30 డిగ్రీలున్న గాలి టర్బోలోంచి బయటపడేసరికి 80 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఇంటర్‌కూలర్ అందులో కొంత తగ్గిస్తుంది, మిగతా వేడి సిలిండర్‌లోకే పోతుంది. అక్కడ పిస్టన్ దాన్ని మళ్లీ పదింతలకు పైగా నొక్కుతుంది, ఎందుకంటే నీ ఇంజన్ కంప్రెషన్ రేషియో 10కి పైనే. అంత వేడికి, అంత ఒత్తిడికి స్పార్క్ మొదలుపెట్టిన మంట చేరకముందే మూలల్లో మిగిలిన పెట్రోల్ తనంతట తాను పేలిపోతుంది. మన మెకానిక్‌లు నాకింగ్ అనేది దీన్నే. చిన్న రేకుడబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు వినబడుతుంది, ఒక్కోసారి ఏసీ, పాటల హోరులో అసలు వినబడదు.

కంపెనీ టర్బో బళ్లలో కూడా కంప్రెషన్ 10 దగ్గరే ఉంది కదా, అవి ఎలా బతుకుతున్నాయని నువ్వు అడగొచ్చు, మంచి ప్రశ్నే. చాలా వాటిలో పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే కొడతారు, అది ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది. పిస్టన్లు వేరు, వాటి అడుగున ఆయిల్ చిమ్మే ఏర్పాటు వేరు, అన్నింటికన్నా ముఖ్యంగా ఎంత గాలికి ఎంత పెట్రోల్, ఏ క్షణంలో స్పార్క్ అన్న లెక్క ఎండలో, చలిలో, కొండల్లో నెలల తరబడి పరీక్షించి ఈసీయూలో, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో, రాసి పెడతారు. నీ సిటీ ఈసీయూలో ఆ లెక్క లేదు. హోండా వాళ్లు అది టర్బో బండి అనుకుని తయారు చేయలేదు. నాకింగ్‌ను పసిగట్టే నాక్ సెన్సర్ ఉంది, అది స్పార్క్‌ను కాస్త వెనక్కి జరుపుతుంది, కానీ ఊదిన గాలికి కావలసిన అదనపు పెట్రోల్‌ను అది సృష్టించలేదు. కాబట్టి టర్బో కిట్‌లో అసలు సరుకు ఆ ఇనుప ముక్కలు కావు తమ్ముడూ, ఆ లెక్కను ఈసీయూలో కొత్తగా రాసే ట్యూనింగ్. ఆయన అమ్ముతున్న పెట్టెలో లేనిది అదొక్కటే.

ఇది పుస్తకం చదివి చెప్పడం లేదు. కొన్నేళ్ల కిందట నేనూ ఇదే పని చేశాను. నాది పెట్రోల్ స్విఫ్ట్, రోజూ ఆఫీసుకు తిప్పే బండే. సెకండ్ హ్యాండ్ కిట్ కొన్నాను, బెంగళూరులోనే ఒక షెడ్డు వాళ్లు మూడు రోజుల్లో బిగించి ఇచ్చారు. ట్యూనింగ్ ఏదని అడిగితే, పెట్రోల్ ప్రెషర్ పెంచే రెగ్యులేటర్ ఒకటి పెట్టాం, అది చాలన్నారు. నమ్మాను. రెండు నెలలు ఆ బండి నాకిచ్చిన సంతోషం ఇప్పటికీ మరిచిపోలేను, దేవనహళ్లి రోడ్డు మీద మూడో గేరులో అది లాగిన తీరు వేరే బండి అనిపించేది. ఆ తర్వాత ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అమ్మను ఊరి నుంచి తీసుకొస్తున్నాను, ముళబాగిలు దగ్గర చిన్న ఎత్తు, ఐదో గేరులోనే ఉంచి కాలు అదిమాను. అద్దంలో నీలం పొగ కనబడింది, బండి ఒక కాలు కుంటినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. మూడో పిస్టన్‌లో రెండు రింగుల మధ్య ఉండే గట్టు విరిగిపోయింది. పక్కన అమ్మకు బీపీ, తల మీద ఎండ, టోయింగ్ బండి కోలారు నుంచి వచ్చేసరికి దాదాపు నాలుగు గంటలు. ఇంజన్ పనికి అయిన ఖర్చు కిట్ ఖర్చును మించింది. షెడ్డు వాళ్లు పెట్రోల్ మంచిది కాదన్నారు, అంతే. డబ్బు సంగతి మరిచిపోయాను కానీ, అమ్మ ఆ రోడ్డు పక్కన చున్నీ తల మీద కప్పుకుని కూర్చున్న దృశ్యం నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. నువ్వు అమ్మానాన్నల దగ్గరికి ఈ బండిలోనే వెళతానని రాయగానే నాకు ముందు గుర్తొచ్చింది అదే.

ఇక పెట్రోల్ మాట ఎలాగూ వచ్చింది. మామూలు పెట్రోల్ ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తి) 91 అన్న లెక్కతో బళ్లు తిరిగిన కాలం వేరు. 2023 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనే ఈ20ని, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ను, విడుదల చేశారు, ఇప్పుడు ఎక్కువ బంకుల్లో దొరికేది అదే. ఇథనాల్ కలిస్తే నాకింగ్ కొంత తగ్గే మాట నిజమే. కానీ పూర్తిగా కాలడానికి పెట్రోల్ ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లే, అంటే అదే గాలికి మరింత ఇంధనం పోయాలి. ఆ కిట్‌తో పాటు ఆయన పాత మ్యాప్ (ఈసీయూలో ఎక్కించే ట్యూనింగ్ లెక్క) కూడా ఇస్తానంటే, అది ఏ కాలపు పెట్రోల్ మీద, పెట్రోల్ చిమ్మే ఏ ఇంజెక్టర్లతో చేసిందో తెలియకుండా నీ బండికి ఎక్కించడం చాలా ప్రమాదం. వేరేవాళ్ల కళ్లజోడు పెట్టుకుని రాత్రిపూట హైవే మీద నడపడం లాంటిది.

కిట్ పాతది కావడం ఇంకో సమస్య. టర్బో లోపలి షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, దాన్ని మోసేది పలచటి ఆయిల్ పొర ఒక్కటే. పాత యజమాని ఆయిల్ మార్చడం ఆలస్యం చేశాడా, వేడి మీదే ఇంజన్ ఆపేశాడా అన్నది బయటికి కనబడదు. ఎవరైనా పాత టర్బో కొంటే చేత్తో చూసుకోవాల్సినవి చెబుతాను. షాఫ్ట్‌ను పక్కలకు కదిపితే కొద్దిగా ప్లే (వదులు) ఉండడం మామూలే, ఆయిల్ నిండితే అది సర్దుకుంటుంది, కానీ ముందుకూ వెనక్కూ లాగితే చేతికి తెలిసేంత కదలిక ఉంటే ఆ టర్బో పని అయిపోయినట్టే. రెక్కల అంచులు టార్చి వేసి చూడాలి, ఎక్కడా తిన్నట్టు, గోడకు రాసుకున్నట్టు ఉండకూడదు. మ్యానిఫోల్డ్ వెల్డింగుల దగ్గర వెంట్రుక లాంటి పగుళ్లు వెతకాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇంటర్‌కూలర్. ముందు టర్బో గానీ ఇంజన్ గానీ పగిలి ఉంటే ఆ లోహపు రజను ఇంటర్‌కూలర్ మడతల్లో కూర్చుని ఉంటుంది, నువ్వు బిగించి స్టార్ట్ చేసిన మొదటి రోజే అది నీ సిలిండర్లలోకి వెళుతుంది. కాబట్టి ఆయన్ను అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, ఎందుకు తీసేశావు, తీసినప్పుడు బండి నడుస్తోందా అని. నువ్వు ఆ విషయం నీ ఉత్తరంలో రాయలేదు, అడగలేదనే అనుకుంటున్నాను.

70 వేలలో ఏమేం రావో కూడా చూడు. పెద్ద ఇంజెక్టర్లు, ఎక్కువ పోసే పెట్రోల్ పంపు, ట్యూన్ చేయగలిగే ఈసీయూ, గాలి-పెట్రోల్ నిష్పత్తి చూపించే వైడ్‌బ్యాండ్ గేజీ, చల్లగా పనిచేసే స్పార్క్ ప్లగ్గులు, కొత్త ఆయిల్ పైపులు, గ్యాస్కెట్లు, ఇంజన్ బలాన్ని కొలిచే డైనో మీద కొన్ని గంటల పని. ఆయిల్ టర్బోలోంచి కిందికి తనంతట తాను జారాలి కాబట్టి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు విప్పి దానికి రంధ్రం వేసి వెల్డింగ్ చేయాలి, ఇది సరిగ్గా చేయకపోతే కొత్త టర్బో అయినా పొగ కొడుతుంది. నీ క్లచ్ 146 న్యూటన్ మీటర్ల టార్క్‌కు (తిప్పే బలానికి) చేసింది, పైగా 92 వేల కిలోమీటర్లు తిరిగింది, మొదటి నెలలోనే జారడం మొదలుపెట్టొచ్చు. అన్నీ సరిగ్గా చేస్తే కిట్ ధర ఇంకోసారి, ఇంకా పైన కూడా పెట్టాలి. శని, ఆదివారాల్లో అయ్యే పని కాదిది. నెలలో సగం రోజులు బండి షెడ్డులో ఉంటే ఆఫీసుకు ఎలా వెళతావు? ఇంటర్‌కూలర్ వచ్చి ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు ముందు కూర్చుంటుంది, సిల్క్‌బోర్డు దగ్గర నలభై నిమిషాలు కదలకుండా నిలబడ్డప్పుడు దాని సంగతి తెలుస్తుంది. ఆ ట్రాఫిక్‌లో టర్బో ఒక్కసారి కూడా ఊదదు, దాని వేడి మాత్రం బానెట్ కింద రోజంతా ఉంటుంది.

చట్టం గురించి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. గ్యాస్ కిట్ అయితే ఆర్‌సీలో రాయించుకునే పద్ధతి ఉంది, ఇలాంటి కిట్‌కు ఆర్టీవో ఆఫీసులో ఎవరూ రాసివ్వరు. ఇంకో సంగతి, నీ బండి 2012ది, 2027లో దానికి 15 ఏళ్లు నిండుతాయి, ఆర్‌సీ రెన్యువల్‌కు తనిఖీకి తీసుకెళ్లాలి, బానెట్ ఎత్తగానే టర్బో కనబడుతుంది. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా ఇంజన్ మారిస్తే, యాక్సిడెంట్ జరిగిన రోజు సర్వేయర్‌కు క్లెయిం కొట్టేయడానికి కారణం దొరికినట్టే. ఏపీ నంబరుతో బెంగళూరులో తిప్పుతుంటే ఎలాగూ ఆపుతూనే ఉంటారు, ఏడాది దాటితే ఇక్కడి నంబరుకు మార్చుకోవాలన్నది వేరే విషయం, అది కూడా చూసుకో.

మరి ఘాట్‌లో ఏం చేయాలి? ముందు ఉన్న బలాన్ని పూర్తిగా వాడుకో. నీ ఇంజన్ గరిష్ట టార్క్ 4,800 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది, మనవాళ్లు మైలేజీ కోసం 2,000 దగ్గరే గేరు మార్చేసి, బండి లాగడం లేదంటారు. లారీని దాటే ముందే మూడో గేరుకు, ఎత్తు ఎక్కువైతే రెండుకు దింపు, ఐదు వేల దాకా తిరగనివ్వు, ఆ ఇంజన్‌కు ఏమీ కాదు, అది అలా తిరగడానికే పుట్టింది. అప్పటికీ ఖాళీ చాలదనిపిస్తే లారీ వెనకే ఆగు. తర్వాత టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు సరిచేయడం, ఎప్పుడు చేయించావో గుర్తు తెచ్చుకో. ఈ ఇంజన్‌లో ఆ సందును చేత్తోనే సరిచేయాలి, చాలా షెడ్లలో సర్వీసు పేరుతో ఆయిల్ మార్చి పంపేస్తారు, దాన్ని ముట్టుకోరు. థ్రాటిల్ బాడీ శుభ్రం, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్. ఇవన్నీ కలిపినా ఆయన అడిగే అడ్వాన్సుకు అటూ ఇటూ అవుతుంది, బండిలో తేడా నీకే తెలుస్తుంది.

అయినా టర్బోనే కావాలంటే, 70 వేలకు ఇంకొంత పైన పెట్టే డబ్బు ఉంది కాబట్టి, ఈ సిటీని అమ్మేసి కంపెనీ టర్బోతో వచ్చిన సెకండ్ హ్యాండ్ బండి చూడు. పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్ 1,750 ఆర్‌పీఎం నుంచే 175 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. నీ సిటీ 4,800 దాకా తిరిగితేగానీ ఇవ్వని 146 కన్నా ఎక్కువ బలం, అదీ ఘాట్‌లో నీ కాలు నిజంగా ఉండే చోట. బలేనో ఆర్‌ఎస్, ఐ20 టర్బో, నెక్సాన్ పెట్రోల్ కూడా ఉన్నాయి. సర్వీసు రికార్డు ఉన్న బండి తీసుకో, ఆర్‌సీకీ ఇన్సూరెన్స్‌కూ టెన్షన్ ఉండదు.

కిట్ బిగించడం నీకు నిజంగా కల అయితే, దాన్ని చంపుకోమని నేను అనను. రెండో బండి కొన్నాక, అదీ రోడ్డు మీద తిప్పని బండిగా, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు సర్క్యూట్‌కు ట్రాలీ మీద తీసుకెళ్లే బండిగా పెట్టుకుని, ముందు ట్యూన్ చేసే మనిషిని వెతుక్కుని ఆ తర్వాత టర్బో కొను. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తున్నారు.

ప్రశ్న: అన్నయ్యా, మాది కంపెనీ టర్బో పెట్రోల్ కారు, హెబ్బాళ దగ్గర అపార్ట్‌మెంట్. టర్బో చల్లారాలని మావారు రోజూ బేస్‌మెంట్‌లో ఐదు నిమిషాలు ఇంజన్ ఆన్‌లోనే ఉంచి కూర్చుంటారు, పిల్లలు లోపలే ఉంటారు. నిజంగా అంత అవసరమా?
– ఒక పాఠకురాలు, హెబ్బాళ

జవాబు: అవసరం లేదమ్మా, దయచేసి ఈ రోజే మాన్పించండి. ఊళ్లో ట్రాఫిక్‌లో నెమ్మదిగా వచ్చిన బండికి టర్బో అప్పటికే చల్లగా ఉంటుంది, గేటు లోపలికి వచ్చి పార్కింగ్‌లో పెట్టే సమయమే చాలు. హైవే మీద గట్టిగా నడిపి వెంటనే ధాబా ముందు ఆపితే మాత్రం ఒక నిమిషం ఆగితే మంచిది, లేదంటే చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా రండి, అదే పని అవుతుంది. టర్బోను కాపాడేది సమయానికి మార్చిన సరైన గ్రేడు ఆయిల్, మాన్యువల్‌లో రాసిన గడువు కన్నా ముందే మార్చండి. మూసి ఉన్న బేస్‌మెంట్‌లో ఇంజన్ ఆన్‌లో ఉంచితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. పిల్లలు లోపల ఉన్నారని రాశారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న: జేసీ రోడ్డులో 3,500కి ఎలక్ట్రిక్ టర్బో అమ్ముతున్నారు సార్, ఎయిర్ ఫిల్టర్ పైపులో పెట్టే ఫ్యాన్. బిల్లు కూడా ఇచ్చారు, కొనేశాను కానీ ఇంకా పెట్టలేదు. పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: పనిచేయదు. 1.5 లీటర్ల ఇంజన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు దాదాపు 75 లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ గాలినంతటినీ ఒత్తిడితో తోయడానికి కావలసిన కరెంటు ఆ చిన్న మోటారుకు మీ 12 వోల్టుల బ్యాటరీ ఇవ్వలేదు. ఆడి ఎస్‌క్యూ7 డీజిల్‌లో నిజమైన ఎలక్ట్రిక్ కంప్రెసర్ ఉంది, దానికి విడిగా 48 వోల్టుల ఏర్పాటు పెట్టి 7 కిలోవాట్ల మోటారు వాడారు. మీరు కొన్న ఫ్యాన్ ఇంజన్ పీల్చే దారికి అడ్డం పడుతుంది, దాని రెక్క విరిగితే ఇంకా నష్టం. బిల్లు ఉంది, పెట్టె విప్పలేదు కాబట్టి వాపసు ఇచ్చేయండి, తీసుకోకపోతే అలాగే ఇంట్లో ఉంచండి గానీ బండికి మాత్రం పెట్టకండి.